నాగాల వెనుక ఏముంది: పనిచేసే చోట మనస్తత్వ శాస్త్రం

(హనుమకొండలో కార్మికులు, ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ సాయంత్రం ఇక్కడ కూర్చున్నవారిలో బొగ్గు గనుల మీద పనిచేసేవారు, ఆర్టీసీ డిపోల నుంచి వచ్చినవారు, ఆసుపత్రి నర్సులు, ప్రైవేటు కళాశాలల అధ్యాపకులు, కొందరు సంక్షేమాధికారులు, మా మనస్తత్వ శాస్త్ర విభాగం విద్యార్థులు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఇన్ని రకాల పనులు చేసేవారందరికీ ఒకేసారి పనికివచ్చేలా మాట్లాడటం తేలిక కాదు. అందుకని ఒక్క ప్రశ్ననే పట్టుకుంటాను. పని సరిగా సాగనప్పుడు మనం లోపాన్ని ఎక్కడ వెతుకుతున్నాం?

తరచూ నాగాలు పెట్టే కార్మికుడిని సోమరి అంటాం. యంత్రం దగ్గర వేలు నలిగితే నిర్లక్ష్యం అంటాం. కండక్టరు ప్రయాణికుల మీద విసుక్కుంటే నోటి దురుసు అంటాం. ఈ మాటలన్నీ మనిషి స్వభావానికి సంబంధించినవే. ఎదుటివారి ప్రవర్తనకు కారణం చెప్పవలసి వచ్చినప్పుడు మనుషులు వారి స్వభావాన్ని ఎక్కువగా, వారున్న పరిస్థితిని తక్కువగా లెక్కలోకి తీసుకుంటారని సామాజిక మనస్తత్వ శాస్త్రం గుర్తించింది. అమెరికన్ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో దీనిని మౌలికమైన పొరపాటు అన్నాడు. మన సొంత నాగా దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లకు జ్వరం, రాత్రి షిఫ్టు, రాని బస్సు, ఇలా కారణాలన్నీ బయటే కనిపిస్తాయి. నా ఉద్దేశంలో పనిచేసే చోటుకు ఈ శాస్త్రం చేయగల పెద్ద మేలు, మన కారణాలను వెతికినంత ఓపికగా ఎదుటివారి కారణాలనూ వెతికించడం, అంటే మనిషిని బాగుచేయబోయే ముందు అతని పనిని ఎట్లా ఏర్పాటు చేశారో చూడమనడం.

అయితే ఈ శాస్త్రం మొదట్లో ఆ దారిలో నడవలేదు. హార్వర్డులో పనిచేసిన జర్మన్ ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ వంద సంవత్సరాలకు పైగా కిందట ట్రామ్ నడిపేవారిలో ప్రమాదాలు చేయనివారిని ముందుగానే ఏరుకోవడానికి పరీక్షలు తయారుచేశాడు. పనికి తగిన మనిషిని వెతకడమే అప్పటి ఆశయం, పనిని మార్చవచ్చునన్న ఆలోచన అందులో లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాడు బ్రిటన్‌లో ఆయుధ కర్మాగారాల కార్మికుల ఆరోగ్యంపై 1915లో వేసిన కమిటీ, విపరీతంగా పెంచిన పని గంటలను తగ్గిస్తే మొత్తం ఉత్పత్తి పడిపోవడం లేదని, కొన్నిచోట్ల పెరుగుతున్నదని కనుగొన్నప్పుడు దృష్టి కొంత మళ్లింది. చికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 దాకా వెలుతురు, విరామాల వంటివి మార్చి ఉత్పత్తిపై ప్రభావం చూసిన ప్రయోగాలు మా విద్యార్థులందరికీ కంఠస్థమే. వాటి లెక్కలను తరువాతివారు తిరగదోడి చాలా లోపాలు చూపించారు గనుక, పాఠ్యపుస్తకాలకున్నంత నమ్మకం నాకు వాటి మీద లేదు. పరీక్షలో రాయండి, ఇక్కడ మాత్రం ముందుకు పోదాం.

మన ప్రాంతానికి బాగా దగ్గరైన కథ బొగ్గు గనిదే. ఆసిఫాబాద్ నుంచి ఖమ్మం దాకా గోదావరి లోయ పొడవునా సింగరేణి గనులున్నాయి. ఇక్కడ చాలా ఇళ్లలో ఎవరో ఒకరు మస్టర్ పడ్డవారే. 1951లో, మనుషుల మధ్య సంబంధాలను పరిశోధించే లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ ఇంగ్లండు బొగ్గు గనులలో తాము చూసినదాన్ని ప్రచురించారు. వారిలో బామ్‌ఫోర్త్ అంతకుముందు గనిలో పనిచేసిన మనిషి, అందుకే ఆ రచనలో గని లోపలి చీకటి, దుమ్ము, భయం లెక్కల వెనుక మాయమైపోలేదు.

పాత పద్ధతిలో అక్కడ ఇద్దరు ముగ్గురు, మహా అయితే ఏడెనిమిది మంది ఒక జట్టుగా ఒకచోట బొగ్గు తీసేవారు. తవ్వడం, నింపడం, పైకప్పుకు దిమ్మెలు పెట్టడం అన్నీ ఆ జట్టు పనే. ఎవరితో కలిసి పనిచేయాలో వారే ఎంచుకునేవారు, ప్రమాదం జరిగితే తోటివాడి కుటుంబాన్ని ఆ జట్టు కనిపెట్టుకుని ఉండేది. తరువాత కన్వేయరు, కోత యంత్రం వచ్చి లాంగ్‌వాల్ పద్ధతి మొదలైంది. ఒక పొడవాటి గోడ వెంట నలభై యాభై మందిని పరిచి పనిని మూడు షిఫ్టులుగా ముక్కలు చేశారు. ఒక షిఫ్టు వారు కోస్తారు, ఇంకొక షిఫ్టు వారు కన్వేయరును జరిపి దారి సరిచేస్తారు, మూడో షిఫ్టు వారు బొగ్గు నింపుతారు. ఒక షిఫ్టు వారు మరో షిఫ్టు వారి ముఖం చూడరు. ముందు షిఫ్టులో ఎవరో పని సగంలో వదిలేస్తే దాని ఫలితం నింపేవాడి నెత్తిన పడుతుంది, కానీ ఆ తప్పు ఎవరిదో అతనికి తెలియదు, తెలిసినా అడగడానికి ఆ మనిషి అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. వేతనం కూడా పనిని బట్టి విడివిడి రేట్లలో లెక్కకట్టేవారు. యంత్రం మెరుగైనదే అయినా ఉత్పత్తి ఆశించినంత రాలేదు. నాగాలు పెరిగాయి. ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయి, ఎవరి జాగ్రత్త వారు చూసుకోవడం అలవాటైంది. యాజమాన్యం దృష్టిలో ఇది కార్మికుల క్రమశిక్షణ సమస్య. ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ దీనిని యంత్రానికి తగ్గట్టు మనుషుల మధ్య సంబంధాలను ఏర్పాటు చేయకపోవడం వల్ల వచ్చిన సమస్యగా చూశారు.

వారు ఇక్కడితో ఆగిపోయి ఉంటే అది మంచి పరిశీలనగా మాత్రమే మిగిలేది. ఆ బృందమే తరువాతి సంవత్సరాలలో ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో ఒకే రకం బొగ్గు పొర మీద, ఒకే రకం యంత్రాలతో, రెండు తీర్ల ఏర్పాటుతో సాగుతున్న లాంగ్‌వాల్ పనులను పక్కపక్కన పెట్టి పోల్చింది. ఒకటి పాత పద్ధతిలో ముక్కలు చేసినది. రెండోది కలగలుపు పద్ధతి: అందులో ఎవరు ఏ షిఫ్టులో ఏ పని చేయాలో సుమారు నలభై మంది జట్టు తనలో తానే నిర్ణయించుకుంటుంది, ఒక షిఫ్టు ఆపిన చోటు నుంచి తరువాతి షిఫ్టు అందుకుంటుంది, వేతనం జట్టు మొత్తానికి ఒకే చీటీగా వచ్చి సమానంగా పంచుకుంటారు. 1963లో వెలువడిన వారి లెక్కల ప్రకారం ముక్కల పద్ధతిలో ఆ గోడ నుంచి రాగలిగిన బొగ్గులో 78 శాతం వస్తే, కలగలుపు పద్ధతిలో 95 శాతం వచ్చింది. అన్ని కారణాల గైర్హాజరు మొదటిదానిలో 20 శాతం, రెండోదానిలో 8 శాతం పైచిలుకు. ప్రమాదాల వల్ల పోయిన షిఫ్టులు సగం కంటే తక్కువకు దిగాయి. రెండు చోట్లా యంత్రం ఒకటే, బొగ్గు ఒకటే, మనుషులూ ఒకే ప్రాంతం వారు. సోమరులను తీసేసి చురుకైనవారిని తెచ్చిపెట్టలేదు.

ఈ లెక్క విన్నప్పుడు నాకు మన మార్కెట్ యార్డుల హమాలీ ముఠాలు గుర్తుకు వస్తాయి. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు మోసే ముఠాలో ఎవరు ఎత్తాలి, ఎవరు మోయాలి, ఎవరు నిట్టు వేయాలి అన్నది ముఠాలోనే తేలుతుంది, బస్తాల లెక్కన వచ్చిన కూలిని పంచుకుంటారు, నడుము పట్టేసిన వాడికి ఆ రోజు తేలిక పని ఇస్తారు. దీనిని నేను ఆదర్శంగా చూపడం లేదు, ముఠాలలోనూ పెత్తనాలున్నాయి, కారం ఘాటుకు ఊపిరితిత్తులు పాడవుతున్నాయి, మోసే బరువు మనిషి మోయదగినది కాదు. కానీ పనిని తమలో తాము పంచుకునే తెలివి మనవారికి బయటి నుంచి నేర్పాల్సింది కాదని చెప్పడానికి ఇది చాలు.

ఇంగ్లండు గనుల కథ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. అదే టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాదులోని కాలికో బట్టల మిల్లులకు వచ్చాడు. అక్కడ ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి పెరగలేదు, బట్టలో లోపాలు తగ్గలేదు. ఒక షెడ్డులో నేసేవారు, బాబిన్లు నింపేవారు, తెగిన దారాలు అతికేవారు, నూనె వేసేవారు, ఊడ్చేవారు వేర్వేరు లెక్కల ప్రకారం వేర్వేరు మగ్గాలకు కేటాయింపై ఉండటంతో, ఒక నేతగాడికి ఈ రోజు తనతో పనిచేసేవారెవరో స్పష్టంగా తెలిసేది కాదు. కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకు మొత్తంగా అప్పగించవచ్చునన్న ఆలోచనను రైస్ ముందుకు తేగానే కార్మికులే జట్లు కట్టుకుని పని మొదలుపెట్టారు. కొన్నాళ్ల తడబాటు తరువాత ఉత్పత్తి పెరిగింది, లోపాలు తగ్గాయి. 1970లో అదే సంస్థకు చెందిన ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూస్తే ఒక షెడ్డులో ఆ పద్ధతి దాదాపు చెక్కుచెదరకుండా నడుస్తున్నది, మిగిలిన చోట్ల పాత తీరు తిరిగి వచ్చింది. ఈ రెండో సగాన్ని మనవారు తక్కువగా చెబుతారు. ఏర్పాటు మార్చడం ఒక ఎత్తు, అధికారులు మారినా మార్కెట్టు మారినా దానిని నిలబెట్టుకోవడం మరొక ఎత్తు. ఆజంజాహి మిల్లు చూసిన మన ఊరికి, మరమగ్గాల సిరిసిల్లకు, గీసుగొండ దగ్గర కొత్తగా లేచిన టెక్స్‌టైల్ పార్కుకు ఈ రెండు సగాలూ పాఠాలే.

ఇక ఒత్తిడి సంగతి. రక్తపోటు పెద్ద అధికారులకే వస్తుందని, బాధ్యత ఎక్కువగా ఉన్నవారికే గుండె జబ్బులని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశోధనలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఫలితం వచ్చింది. అట్టడుగు శ్రేణి ఉద్యోగులలో గుండె జబ్బు మరణాలు పై శ్రేణి కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ. పొగతాగడం వంటి తెలిసిన కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. మైకేల్ మార్మోట్ నాయకత్వంలో 1985లో మొదలైన రెండో దశ పరిశోధన దీనిని మరింత లోతుగా చూసి, తన పని మీద తనకు అధికారం లేకపోవడం ఈ తేడాలో పెద్ద భాగాన్ని వివరిస్తుందని తేల్చింది. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదని, భారం ఎక్కువై నిర్ణయాధికారం తక్కువైనప్పుడు ప్రమాదమని రాబర్ట్ కరసెక్ 1979లోనే ప్రతిపాదించాడు. దానికి తోటివారి అండ అనే మూడో అంశాన్ని తరువాతి పరిశోధకులు చేర్చారు.

ఈ మూడు అంశాలనూ మన ఆర్టీసీ కండక్టరు మీద పెట్టి చూడండి. 2023 డిసెంబరు 9న తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. లక్షలాది ఆడవాళ్లకు కదిలే స్వేచ్ఛనిచ్చిన పథకం అది, నేను దానిని హృదయపూర్వకంగా సమర్థిస్తాను. అదే సమయంలో కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో ప్రతి మహిళ గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొట్టే పని కండక్టరుది. భారం పెరిగింది. బస్సులు ఎన్ని వేయాలి, ఏ స్టేజీ దగ్గర ఎంతసేపు ఆపాలి అన్న నిర్ణయం మాత్రం అతని చేతిలో లేదు. కోపం వచ్చిన ప్రయాణికుడికి ఎదురుగా కనిపించేది అతనే. దీనిపైన నవ్వు ముఖంతో ఉండవలసిన భారం ఉంది. లోపల ఒకటి ఉండగా బయట మరొకటి చూపవలసి రావడం కూడా కూలికి చేసే శ్రమేనని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోష్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే యువతులను పరిశీలించి చెప్పింది. ఇటువంటి కండక్టరును మర్యాదపై ఒకరోజు శిక్షణకు పంపితే ఏం మారుతుంది? డ్యూటీ చార్ట్ వేసేటప్పుడు అతని మాట వినడం, రద్దీ సర్వీసును వరుసగా ఒకరికే వేయకుండా తిప్పడం, గొడవ జరిగినప్పుడు డిపో అధికారి ముందుగా అతని వైపు కూడా అడిగి తెలుసుకోవడం, ఇవి ఖర్చు లేని పనులు. బస్సులు పెంచడం ఖర్చుతో కూడినది, దానికి మనస్తత్వ శాస్త్రం బదులు కాలేదు.

న్యాయం గురించి ఒక ప్రయోగం చెబుతాను, ఎందుకంటే దీనిని విన్న ప్రతి అధికారీ కొంత ఇబ్బంది పడతాడు. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన పరిశోధన ఇది. ఒక అమెరికన్ సంస్థ ఆర్డర్లు తగ్గినందువల్ల రెండు కర్మాగారాలలో పది వారాల పాటు 15 శాతం జీతం కోసింది. ఒకచోట పై అధికారి అందరినీ కూర్చోబెట్టి లెక్కలు చూపించి, ప్రశ్నలకు జవాబులిచ్చి, బాధపడుతున్నామని చెప్పాడు. రెండోచోట కొద్ది మాటల్లో ప్రకటించి ముగించారు. ఆ వారాల్లో సంస్థ సామాను దొంగతనాలు రెండు చోట్లా పెరిగాయి, కానీ వివరణ సరిగా ఇవ్వని చోట చాలా ఎక్కువగా పెరిగాయి. ఆ చోటే ఉద్యోగం వదిలినవారూ ఎక్కువ. కోత ఒకటే, కోసిన తీరు వేరు.

నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ వైపు ఇంటింటా బీడీలు చుట్టే తల్లులకు ఈ విషయం చెప్పనక్కర లేదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు సరిగా లేదని, చుట్టుడు వదులైందని కొన్ని పక్కకు తీసేస్తారు. తీసేసిన బీడీలు ఎందుకు పనికిరావో ఎదురుగా చూపి చెప్పే చోట, చెప్పకుండా లెక్క తగ్గించే చోట, పోయిన రూపాయలు ఒకటే కావచ్చు, ఇంటికి తీసుకుపోయే మనసు ఒకటి కాదు. ఇచ్చిన ఆకులోనే సగం చిరుగులున్నప్పుడు తప్పు చేతులది ఎట్లా అవుతుందని ఆమె అడిగితే దానికి సమాధానం ఉండాలి కదా. తాను పెట్టిన శ్రమకు వచ్చిన ఫలితాన్ని మనిషి పక్కవాడితో పోల్చి చూసుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త స్టేసీ ఆడమ్స్ 1960లలో చెప్పాడు. సింగరేణిలో దసరాకు లాభాల వాటా పంచినప్పుడు 2024లో మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ తలా 5,000 రూపాయలు ఇచ్చారు. కొందరికి అది చిన్న మొత్తంగా తోచింది, కొందరికి తమను లెక్కలోకి తీసుకున్నందుకు గుర్తుగా తోచింది. పర్మినెంటు కార్మికుడి వాటా పక్కన పెట్టి చూస్తే ఈ రెండు భావాలూ సహజమే.

నర్సులు ఇక్కడ ఉన్నారు గనుక ఒక మాట. ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను అధ్యయనం చేస్తూ, మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంది. లెక్కలు తలకిందులుగా వచ్చాయి, మంచి నాయకత్వమున్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడి నర్సులు చెప్పడానికి భయపడటం లేదని, మిగిలిన చోట్ల దాచుకుంటున్నారని ఆమెకు తరువాత అర్థమైంది. పొరపాట్ల రిజిస్టరు ఖాళీగా ఉన్న వార్డును చూసి మురిసిపోయే సూపరింటెండెంట్లు దీని గురించి ఆలోచించాలి. గనుల్లో పైకప్పు శబ్దం చేస్తున్నదని చెప్పిన కార్మికుడిని పని ఎగ్గొట్టడానికి సాకు చెబుతున్నావని ఒక్కసారి కసురుకుంటే, మరుసటి వారం ఆ శబ్దం గురించి ఎవరూ చెప్పరు.

ఇంత చెప్పిన తరువాత, సంస్థలు ఇప్పుడు ఎక్కువగా ఖర్చు పెడుతున్నది దేని మీద? ధ్యానం యాప్‌లు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలు, యోగా దినం. 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని చూసి, ఇటువంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవారు పాల్గొననివారి కంటే మెరుగ్గా ఏమీ లేరని తేల్చాడు. స్వచ్ఛంద సేవకు అవకాశమివ్వడం ఒక్కటే దానికి మినహాయింపుగా కనిపించింది. యోగా చెడ్డదని నేను అనడం లేదు, నేనూ చేస్తాను. వేసవి సెలవుల్లో అడ్మిషన్ల లక్ష్యం ఇచ్చి అధ్యాపకులను ఊరూరూ తిప్పి, జూన్‌లో వారికి ప్రాణాయామం నేర్పించే కళాశాల మాత్రం ఎవరిని మోసగించుకుంటున్నదో నాకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో పని వల్ల వచ్చే మానసిక అలసటను జబ్బుగా చేర్చలేదు. పనిచేసే చోట చాలాకాలం సర్దుబాటు కాని ఒత్తిడి ఫలితమని రాసింది. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ఆ సంస్థ 2022లో అంచనా వేసింది. నిజంగా జబ్బుపడినవారికి వైద్యమే కావాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవారుంటారు, అందులో సిగ్గు పడవలసింది లేదు. ఇంతవరకూ నేను చెప్పినది అక్కడిదాకా పోకముందు జరగవలసిన పని గురించి.

సంక్షేమాధికారులు నన్ను ముందే అడిగారు, ఎక్కడ మొదలుపెట్టాలని. నాగాల రిజిస్టరు దగ్గర మొదలుపెట్టండి. ఎవరు ఎక్కువ నాగాలు పెట్టారన్న జాబితా మీ దగ్గర ఉంటుంది. దానిని పక్కన పెట్టి, ఏ షిఫ్టులో, ఏ పనిలో, ఏ సూపర్‌వైజరు కింద, నెలలో ఏ రోజుల్లో నాగాలు ఎక్కువో మళ్లీ రాయండి. మనుషులు మారినా అదే పనిలో నాగాలు కొనసాగుతుంటే సోమరితనం వాదన అక్కడే పడిపోతుంది. తరువాత ఆ పని చేసేవారిని చిన్న గుంపుగా, వారి సూపర్‌వైజరు లేని చోట కూర్చోబెట్టి అడగండి: నిన్నటి షిఫ్టులో ఏ గంట కష్టంగా గడిచింది, మీ చేతిలో ఉంటే ఏం మార్చేవారు, ఎవరికి చెబితే వింటారు. పేర్లు రాసుకోవద్దు. వారు చెప్పినవాటిలో మీ స్థాయిలో మార్చగలిగిన ఒకదాన్ని నెలలోపు మార్చండి, మార్చలేనివాటికి కారణం అదే గుంపుకు తిరిగి వచ్చి చెప్పండి. ఏ మార్పూ చేసే అధికారం మీకు లేకపోతే మాత్రం సర్వే పేరుతో ఎవరినీ అడగవద్దు. అడిగి ఏమీ చేయకపోవడం, అడగకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. మార్పు చేసిన ఆరు నెలలకు, మార్పు చేయని పక్క సెక్షనుతో పోల్చి, అవే లెక్కలను మళ్లీ చూడండి. తేడా లేకపోతే మీ ఊహ తప్పన్నమాట, మరొకటి ప్రయత్నించాలి. మా విభాగం విద్యార్థులు ఈ లెక్కలు వేయడంలో సాయపడగలరు, వారికీ అది మంచి ప్రాజెక్టు అవుతుంది.

సమయం మించింది. ప్రశ్నలకు ముందుగా గనుల నుంచి వచ్చినవారికి అవకాశమిద్దాం, వారిలో కొందరు రాత్రి షిఫ్టుకు వెళ్లాలని చెప్పారు.